తోకలు కత్తిరించే ఉమాకాంత్

నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒకప్పుడు క్యాసెట్ల దుకాణం ఒకటి ఉండేది. ఇప్పుడు ఆ మడిగలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ దుకాణం లోపలి గదిలో కూర్చుని, జనం రాసిచ్చిన చీటీలు చూసి పాటలు ఎక్కించి ఇచ్చేవాడు ఉమాకాంత్. అరవై నిమిషాల క్యాసెట్ అంటే పక్కకు ముప్పై నిమిషాలు. వేరే ఎవరు ఎక్కించినా ఆరు పాటలు పట్టి, ఏడోది చరణం మధ్యలో తెగిపోయేది. ఉమాకాంత్ ఎక్కిస్తే ఏడోది కూడా పూర్తిగా పట్టేది. అందులో మంత్రమేమీ లేదు. ఒక పాట అయిపోయి రెండోది మొదలయ్యేలోపు టేపు ఊరికే తిరిగే ఖాళీ ఉంటుంది చూడండి, ఆ ఖాళీని అతను బతకనిచ్చేవాడు కాదు. చివరి తీగ ఇంకా మోగుతుండగానే ఠక్కున ఆపి తర్వాతి పాట అందుకునేవాడు. "ఖాళీకి ఎవడన్న పైసలు పెడ్తడా అన్నా?" అనేవాడు వచ్చినవాళ్లతో. చిక్కడపల్లి పెళ్లిళ్లన్నీ అతని క్యాసెట్లతోనే జరిగాయంటే కొంచెం కోత గాని, సగమైనా జరిగాయి.

క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. సీడీలు పోయాక పెళ్లి వీడియోలు కత్తిరించే పనిలో చేరాడు. అదీ పిల్లల చేతుల్లోకి పోయింది. పదిలో ఎనిమిది మంది ఉమాకాంత్‌లు అక్కడితో అరుగుల మీద కూర్చునే కాలానికి వచ్చేవారే. ఇతనికి మాత్రం నలభై తొమ్మిదో ఏట, ఆ నారాయణగూడలోనే, ఒక సందులో మూడో అంతస్తులో కొత్త ఉద్యోగం దొరికింది. కంప్యూటర్‌కు మనుషుల మాట వినడం నేర్పే ఆఫీసు అది.

వినడం నేర్పడమంటే మీరనుకున్నంత ఘనంగా ఏమీ ఉండదు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు, కోచింగ్ క్లాసుకూ క్లాసుకూ మధ్య వచ్చి మైకు ముందు వాక్యాలు చదివిపోతారు. వాళ్ల గొంతు తెర మీద ఎగుడుదిగుడు గీతలా కనిపిస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ గీత మీద ప్రతి ధ్వనికీ హద్దురాళ్లు పాతాలి. 'క' ఇక్కడ మొదలైంది, ఇక్కడ అయిపోయి 'అ' అందుకుంది, అని. అయిదు సెకన్ల మాటకు పావుగంట పని. అలాంటివి లక్షల్లో చూస్తే కంప్యూటర్‌కు ఏ ధ్వని ఎలా ఉంటుందో మెల్లగా పట్టుబడుతుంది. మాట అయిపోయాక మిగిలిన చప్పుడులేని ముక్కను ఆఫీసులో తోక అంటారు. అర సెకను ఉంచి మిగతా తోక కత్తిరించెయ్యాలి. లేకపోతే కంప్యూటర్ ఫ్యాను చప్పుడును కూడా మాటే అనుకుంటుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా, తోకలు కత్తిరించడంలో ఆఫీసు మొత్తంలో ఉమాకాంత్‌ను మించినవాడు లేడు.

ఇంత చెవి ఉన్న మనిషికి దేవుడు ఇంట్లో పెట్టిన పరీక్ష వేరే రకం.

రెండేళ్ల కింద అతని భార్య మాధురికి పక్షవాతం వచ్చింది. చిక్కడపల్లి మార్కెట్ వెనక ఇంట్లో జాకెట్లు కుట్టేది ఆవిడ. కుట్టడం ఎంతో, మాట్లాడటం అంత. జాకెట్ ఇచ్చిపోదామని వచ్చిన ఆడవాళ్లు గంటకు గాని లేచేవారు కాదు. అలాంటి మనిషికి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాటా పోయింది. ఆరు నెలలకు మాట తిరిగొచ్చింది గాని, తడిసిన కాగితం మీద అక్షరాల్లా అలుక్కుపోయి వచ్చింది. రాసి చూపిద్దామంటే ఎడమ చేత్తో అక్షరాలు కూడా కుదురుకోలేదు. ఆ అలుక్కుపోయిన మాట భూప్రపంచంలో ఒక్క ఉమాకాంత్‌కే అర్థమవుతుంది. కరీంనగర్‌లో టీచరుగా చేస్తున్న కూతురు శ్రీదివ్య ఫోన్ చేసినా, అమ్మ ఏమందో నాన్న తిరిగి చెప్పాల్సిందే. చూసుకోవడానికి పెట్టిన మనుషులు ముగ్గురు వచ్చారు, ముగ్గురూ పోయారు. "ఆమె ఏమంటదో నాకు తెల్వది సార్, నేనేదో ఇస్తే ఆమె ఏడుస్తది" అన్నది చివరి ఆమె చెప్పులేసుకుంటూ. కింది ఇంటి కమలవ్వ మాత్రం పొద్దున పది నుంచి రెండింటి దాకా, ఉమాకాంత్ ఆఫీసుకు పోయిన ఆ నాలుగు గంటలు, వచ్చి కూర్చుంటుంది. ఆవిడకు మాధురి మాట అర్థం కాకపోయినా ఇబ్బంది లేదు, టీవీలో సీరియల్ అర్థమైతే చాలు.

ఉమాకాంత్ అలసిపోయాడు. చుట్టూ తిప్పి చెప్పడమెందుకు? పొద్దున అయిదింటికి లేవడం, ఆమెను లేపి కూర్చోబెట్టడం, స్నానం, కాలు చెయ్యి ఆడించడం, వంట, ఆఫీసు, మళ్లీ ఇల్లు. రోజుకు నాలుగుసార్లు ఛాయ్, ఆమె అడుగుతుందని. రాత్రి రెండుసార్లు లేవడం. రెండేళ్లుగా వరసగా నాలుగు గంటలు నిద్రపోలేదు. కుడి భుజం పైకి లేవదు. అన్నిటికంటే పెద్ద అలసట ఇంకొకటుంది. ప్రపంచానికీ ఆమెకూ మధ్య తానొక్కడే తలుపు. ఆ తలుపు ఒక్కరోజు మూసుకుని పడుకుందామంటే కుదరదు.

అందుకే అతనికొక ఆలోచన వచ్చింది. అశోక్‌నగర్ పిల్లల మాట నేర్చుకున్న కంప్యూటర్ మాధురి మాట ఎందుకు నేర్చుకోదు? ఆమె మాట్లాడితే ఫోన్ విని, మామూలు గొంతుతో పైకి చెప్పేస్తే, ఇంట్లో ఏ మనిషినైనా పెట్టుకోవచ్చు. తను నిద్రపోవచ్చు. ఆఫీసులో ఇంజనీరు అభిజిత్ మంచి పిల్లవాడు. ఆలోచించి సరేనన్నాడు.

"అయితది అంకుల్. గని వెయ్యికి పైన వాక్యాలు గావాలె. ఆంటీ మాట్లాడుతున్నప్పుడు ఫోన్‌ల రికార్డింగ్ ఆన్ చేసి పెట్టుండ్రి. మొత్తం దానంతటదే ఆఫీసుకు వస్తది. మీరు హద్దులు పెట్టుండ్రి."

ఒకవేళ అది కాకపోతే ఏం చెయ్యాలనే ప్రశ్నకు జవాబు శ్రీదివ్య దగ్గర సిద్ధంగా ఉంది. కీసర దారిలో ఇలాంటివాళ్లను చూసుకునే హోమ్ ఒకటుంది. ఆమె పోయి చూసి వచ్చింది. శుభ్రంగా ఉందట. "నాన్నా, నువ్వు కూలవడ్తే ఇద్దరిని నేను చూడలేను" అన్నది. ఆ మాటలో తప్పు వెతుకుదామని రెండు రోజులు చూశాడు, దొరకలేదు. ఫోన్ పని చేస్తే మాధురి ఇంట్లో ఉంటుంది. చెయ్యకపోతే, ఆమె మాట ఒక్కరికీ అర్థం కాని చోట, గోడకేసి చూస్తూ ఉంటుంది.

నాలుగు నెలలు రికార్డు చేశాడు. రోజూ మంచం పక్క స్టూలు మీద ఫోన్ పెట్టి, ఏదో ఒకటి అడుగుతాడు. ఛాయా, టిఫినా? టీవీ పెట్టాల్నా? శ్రీదివ్యకు ఫోన్ చెయ్యాల్నా? ఆమె ఒక మాట అంటుంది. "సరే" అని లేచి ఆ పని చూస్తాడు. మర్నాడు ఆఫీసులో తన పని ముగిశాక మాధురి గొంతు తెర మీద తెరిచి, హద్దులు పాతి, తోక కత్తిరిస్తాడు. పదకొండొందల నలభై వాక్యాలయ్యాయి. ఒక్క ధ్వని తప్పుపోలేదని అతనికి గర్వం కూడా ఉంది.

అభిజిత్ ఇంటి నుంచి వచ్చిన కొత్త రికార్డింగులు వంద, కోతలేమీ లేకుండా, దానికి వినిపించి పరీక్ష పెట్టాడు. వంద వాక్యాలకు ముప్పై ఒకటి సరిగా పట్టింది కంప్యూటర్.

"ఎందుకట్లయితున్నదో సమజైతలేదు అంకుల్. మీ హద్దులు మంచిగున్నయ్. నేర్చుకున్న దానికి, ఆంటీ ఇంట్ల మాట్లాడేదానికి పొత్తు కుదుర్తలేదు" అన్నాడు తల గోక్కుంటూ.

ఉమాకాంత్ గొడవ పడలేదు. గొడవ పడటానికి కూడా ఓపిక కావాలి కదా. ఇంటికొచ్చి శ్రీదివ్యకు ఫోన్ చేసి, హోమ్ వాళ్లకు చెప్పమన్నాడు. సోమవారం బండి పంపుతామన్నారు వాళ్లు.

మాధురికి చెప్పకుండా ఎలా? గురువారం సాయంత్రం అలవాటు కొద్దీ స్టూలు మీద ఫోన్ పెట్టి రికార్డింగ్ ఆన్ చేశాడు. పరీక్ష తప్పిన పిల్లవాడు కూడా మర్నాడు పుస్తకం సంచీ తగిలించుకున్నట్టు, ఆ అలవాటు అతన్ని వదల్లేదు. ఆమె మొహం చూడకుండా దుప్పటి అంచు సరిచేస్తూ అడిగాడు.

"మాధురీ, కీసర దిక్కు ఒక హోమ్ ఉన్నది. మంచిగ చూసుకుంటరంట. నర్సులుంటరు, ఎక్సర్‌సైజ్ చేయిస్తరు. నేను వారం వారం వస్త. పోతవా?"

ఆమె ఫ్యాను వైపు చూసింది. "పోత" అన్నది.

"సరే" అన్నాడు ఉమాకాంత్. గబగబా లేచి బాల్కనీలోకి పోయాడు. కింద మార్కెట్లో ఎవరో కొత్తిమీర కట్టలు నీళ్లలో ముంచి తీస్తున్నారు. అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. సిగ్గుచేటైన సంగతి చెప్పాలంటే, ఆ దుఃఖంలో సగం హాయి ఉంది. సోమవారం రాత్రి పడుకుంటే మంగళవారం తెల్లవారేదాకా లేవక్కర్లేదని లోపల ఒక మూల లెక్క వేసుకుంటూనే ఉంది మనసు. దాన్ని కసిరాడు గాని అది పోలేదు.

శుక్రవారం ఆఫీసులో ఆ చివరి రికార్డింగ్‌కు కూడా హద్దులు పెట్టాడు. నాలుగే ధ్వనులు. వెనకాల పొడుగ్గా తోక. కత్తిరించేశాడు.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఒకరు హద్దులు పెట్టిన గొంతును ఇంకొకరు మొదటి నుంచి వినాలి. అసలు రికార్డింగే వినాలి, మొదటివాళ్లు ఏం రాశారో చూడకూడదు. దాన్ని రెండో చెవి అంటారు. రెండో చెవి పడకుండా ఏ పనీ మూసేసినట్టు కాదు. మాధురి గొంతుకు మాత్రం ఉమాకాంత్ రెండో చెవి పడనివ్వలేదు. ఇంటి సంగతి, పదిమంది ఎందుకు వినాలని. ఇప్పుడు ఎలాగూ పని ఆగిపోయింది, మూసెయ్యాలంటే పద్ధతి పద్ధతే. కంప్యూటర్ పరీక్ష తప్పిన రోజునే అభిజిత్ ఆ పదకొండొందల నలభైనీ రెండో చెవి కోసం పక్క బల్ల బుగ్గమ్మకు పంపాడు. తర్వాత వచ్చినవీ వాటి వెంటే పోయాయి.

బుగ్గమ్మది కవాడిగూడ. ఈ ఆఫీసుకు ఊడ్చే పనికి వచ్చింది. ఒకరోజు చీపురు పట్టుకుని నిలబడి, స్పీకర్లో వస్తున్న ఒక ముసలాయన మాట ఇంజనీర్లెవరికీ అంతుపట్టకపోతే, "గాయనకు నోట్ల పండ్లు లేవు సార్, బియ్యం అంటుండు" అని చెప్పింది. ఆ వారంలోనే ఆమె చేతికి హెడ్‌ఫోన్లు వచ్చాయి. మొహమాటమంటే ఏమిటో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

శనివారం పన్నెండింటికి ఉమాకాంత్ బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"అన్నా, తోకలేవి?"

"ఏ తోకలు?"

"వదినె మాటల తోకలు. మొత్తం కోసి పారేసినవేంది?"

"కోసుడే గద మన పని. అర సెకను దాటితే కొయ్యాలె."

"ఖాళీ ఉంటె కొయ్యాలె. ఇది ఖాళీనా?" అని తన బల్ల దగ్గరికి లాక్కుపోయి, అతని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది.

ముందు తన గొంతే వినిపించింది. ఛాయా, టిఫినా? తర్వాత మాధురి, ఛాయ్. తర్వాత తన సరే, తన చెప్పుల చప్పుడు, వంటింట్లో స్టవ్ వెలిగిన చప్పుడు. ఉమాకాంత్ చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది, ఇక్కడ కత్తిరించాలని. బుగ్గమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. తెర మీద గీత సాఫీగా నడుస్తోంది. నాలుగు సెకన్లు, అయిదు, ఆరు. ఏడో సెకనులో గీత మళ్లీ లేచింది.

"…వద్దు."

ఇంకోటి పెట్టింది. టీవీ పెట్టాల్నా? పెట్టు. టీవీ మోగడం మొదలైంది. ఎనిమిది సెకన్ల తర్వాత, ఆ మోత కింద, ఓపిగ్గా ఒక గొంతు. "…ఇది గాదు."

ఇంకోటి. శ్రీదివ్యకు ఫోన్ చెయ్యాల్నా? శ్రీదివ్యకు. అతను అవతల ఇంకో ఫోన్‌లో నంబరు నొక్కుతున్నాడు. "…రేపు. నువ్వు… తిను."

"అన్నిట్ల గిట్లనే ఉన్నదా?" అని అడిగాడు ఉమాకాంత్.

"రెండు దినాల సంది అన్ని విన్న. శానట్ల ఉన్నది. వదినె మాట రెండు ముక్కలైతున్నదన్నా. మొదటి ముక్క అయినంక రెండోది ఎతుక్కుంట ఉంటది పాపం. అది దొరికేలోపట నువ్వు లేస్తున్నవ్. మనిషి మాట్లాడుతుంటే నడుమ లేసి పోతరా ఎవలన్న?"

మూడు ఛాయ్‌లు, నాలుగు ఛాయ్‌లు, ఏడాదిన్నర. కప్పు పక్కకు నెట్టెయ్యడానికి ఆమెకు ఎడమ చెయ్యి ఉంది. తల అడ్డంగా ఊపడానికి మెడ ఉంది. కాని కప్పు పట్టుకుని వచ్చే మనిషి మొహం ఎలా ఉండేదో ఆమె రోజూ చూసింది. కాచుకొచ్చాక వద్దంటే ఆ మొహం ఇంకెంత వాడిపోతుందో కూడా ఆమెకు తెలుసు. అందుకని తాగింది. ఉమాకాంత్‌కు ఇదంతా ఒకరు విడమర్చి చెప్పనక్కర్లేకుండా అర్థమైంది. కంప్యూటర్‌కు పొత్తు ఎందుకు కుదరలేదో కూడా అర్థమైంది. తను దానికి సగం మాటలు నేర్పాడు. పరీక్షలో దానికి వినిపించింది మాధురి మొత్తం మాట.

"ఇంకొకటున్నది. అది నువ్వొక్కనివే విను. నేను బయట నిలవడ్త" అని, చివరి రికార్డింగ్ తెరిచిపెట్టి బుగ్గమ్మ మెట్ల వైపు పోయింది.

పోతవా? పోత. సరే. తన చెప్పులు గబగబా దూరమయ్యాయి. బాల్కనీ తలుపు కిర్రుమంది. గదిలో ఇక ఫ్యాను, స్టూలు మీద ఫోన్, మాధురి. పదకొండు సెకన్లు గీత లేవలేదు. ఎవరూ లేని గదిలో, ఎవరూ లేరని తెలిసి కూడా, తను మొదలుపెట్టిన మాటను ఆమె పూర్తి చేసింది.

"…నువ్వు… జర… పండుకుంటవ్."

ఉమాకాంత్ హెడ్‌ఫోన్లు తియ్యలేదు. తోక ఇంకా ఉంది, అందులో ఇక ఏమీ లేదు, అయినా చివరి దాకా విన్నాడు. ఆ తర్వాత బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. యాభై ఏడేళ్ల మనిషి, ఆఫీసులో, పట్టపగలు. అభిజిత్ చూసి, చూడనట్టు నీళ్ల సీసా పెట్టి పోయాడు.

బయలుదేరుతుంటే అభిజిత్ మెట్ల దాకా వచ్చాడు. "తోకలతోని మొత్తం మళ్లా హద్దులు పెట్టాలె అంకుల్. మాట అయిపోయిందని అనుకునే ముందు పదిహేను సెకన్లు ఆగాలని దానికి నేను చెప్త. రెండు నెలలు పడ్తది. అయితదని గ్యారంటీ ఇయ్యలేను గని, ఇప్పటిలెక్క మాత్రం ఉండది." రెండు నెలలనగానే ఉమాకాంత్ భుజం మళ్లీ నొప్పెట్టింది. రెండు నెలలు ఎవరు మొయ్యాలి?

"బండిని రావొద్దని చెప్పు ముందుగాల," అన్నది బుగ్గమ్మ. "మంగళవారం, శుక్రవారం రెండింటికి నేనొస్త మీ ఇంటికి. నువ్వు తలుపేసుకొని పండుకో. వదినె మాట నాకర్థమైతున్నది గద. ఇన్నన్ని సార్లు విన్నంక అర్థంగాకుంటే నా చెవులెందుకు?"

ఎనిమిదేళ్లుగా పక్క బల్ల దగ్గర కూర్చుంటున్న మనిషి. రెండో చెవి పడనిచ్చి ఉంటే నాలుగు నెలల కిందనే ఈ మాట అనేది. ఉమాకాంత్ చేతులు జోడించాడు. "చాలు తియ్యన్నా, నాటకాలు" అని ఆమె లోపలికి పోయింది.

ఇంటికి పోతే టీవీలో సీరియల్ మోగుతోంది. కమలవ్వ చీర సర్దుకుని లేచి, "మంచిగనే ఉన్నది బిడ్డా, ఒక్క మాట మాట్లాడలే" అని చెప్పి దిగిపోయింది. ఉమాకాంత్ టీవీ ఆపాడు. ఫ్యాను కూడా ఆపాడు. స్టూలు మీద ఫోన్ పెట్టలేదు, తనే కూర్చున్నాడు.

"మాధురీ. నువ్వు మొన్న చెప్పింది ఇయ్యాల విన్న. బాల్కనీల ఉంటి, వినలే. నా నిద్ర సంగతి ఇడిశిపెట్టు. దానికి బుగ్గమ్మ వస్తనన్నది. నీ సంగతి చెప్పు. పోతవా, ఉంటవా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. ఎడమ పక్క పెదవి కదిలింది.

"ఉంట."

సరే అనబోయాడు. నోటిదాకా వచ్చింది. మోకాళ్లు కూడా లేవడానికి సిద్ధమయ్యాయి, ముప్పై అయిదేళ్ల అలవాటు మరి. రెండు చేతులతో స్టూలు అంచు పట్టుకుని కూర్చున్నాడు. గోడ గడియారం నడుస్తోంది. ఆరు. ఏడు. కింద మార్కెట్లో ఎవరో బేరమాడుతున్నారు. ఎనిమిది. ఆమె కళ్లు మూసుకుని దేన్నో వెతుక్కుంటోంది. సాయం చేద్దామని అతని నాలుక దురద పెడుతోంది. పది. పదకొండు. ఆమె కళ్లు తెరిచి, అతను ఇంకా అక్కడే ఉండటం చూసి కొంచెం ఆశ్చర్యపోయింది. తర్వాత మొహం నిండా నవ్వుతూ, తాపీగా, మిగతా మాట చెప్పింది.

"గని… ఛాయ్… వద్దు."